బడికి ఇద్దరం, క్లబ్బుకి ఒక్కడు

నేను మాచర్లలో పదో తరగతి చదివిన ఏడు, అంటే ఎనభై అయిదులో, మా హైస్కూలు ఫుట్‌బాల్ జట్టుకి ఇద్దరు గోల్‌కీపర్లు ఉండేవారు. మొదటివాడు యల్లమంద. రెండోవాణ్ణి నేను. ఇద్దరని చెప్పుకోవడమే గాని ఆ నవంబరు దాకా నేను ఒక్క మ్యాచిలోనూ గోల్‌లో నిలబడలేదు. గీత బయట కూర్చుని మంచినీళ్ళ బిందె, నిమ్మకాయ ముక్కలు చూసుకోవడమే నా పని. మా నాన్న చలమయ్యకి బజార్లో కిరాణా కొట్టు ఉండేది కాబట్టి నన్నందరూ "శెట్టీ" అనేవాళ్ళు. నా పేరు పిచ్చేశ్వరరావని మా డ్రిల్లు మాస్టారికి కూడా గుర్తుండేది కాదు. నిమ్మకాయలు మా కొట్లోవే. నన్ను జట్టులో ఉంచుకున్నది వాటి కోసమేనని వెనకాల ఆడే జహంగీర్ అంటుండేవాడు. నాకు కోపం వచ్చేది కాదు. ఆ అనుమానం నాకూ ఉండేది.

యల్లమంద అమ్మానాన్నలు అంజమ్మ, పెదకోటయ్య ఊరి బయట నాపరాళ్ళ క్వారీలో పనిచేసేవాళ్ళు. అక్కడ లారీకి రాళ్ళు ఎత్తేటప్పుడు మనుషులు వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటారు. సెలవు రోజుల్లో యల్లమంద ఆ వరసలో నిలబడేవాడు. ఒకసారి ఇంట్లోకి బండలు కొనడానికి వచ్చిన మక్బూల్ అన్న వాణ్ణి చూశాడు. మక్బూల్ అన్న రైల్వేలో ఫిట్టరు. హుబ్లీలో పనిచేసినప్పుడు ఫుట్‌బాల్ నేర్చుకుని, మాచర్లకి బదిలీ అయ్యాక క్వారీ వాళ్ళనీ లారీల వాళ్ళనీ కూడగట్టి చంద్రవంక క్లబ్బని పెట్టాడు. పన్నెండేళ్ళ పిల్లాడు మోచేతులు వంచి, రాయి బరువుని ఒంట్లోకి తీసుకుంటూ చప్పుడు లేకుండా అందుకోవడం చూసి, "అరే బేటా, రాయి పట్టినోడివి బంతి పట్టలేవా?" అన్నాడట. మర్నాడే తీసుకెళ్ళి గోల్‌లో నిలబెట్టాడు. బూట్లు ఆయనే కొన్నాడు. మా బడికి ఫుట్‌బాల్ జట్టంటూ వచ్చింది ఆ తర్వాత రెండేళ్ళకి.

కాబట్టి యల్లమందకి రోజుకి రెండు ఆటలు. తెల్లారి అయిదున్నరకి రైల్వే స్టేషను వెనక ఖాళీ జాగాలో క్లబ్బు ఆట. పనిలోకి పోయేవాళ్ళు కాబట్టి వాళ్ళకి ఆ వేళే కుదిరేది. అది ముగించి, ఇంటికెళ్ళి నీళ్ళు మోసి, తొమ్మిదిన్నరకి బడికి వచ్చేవాడు. సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా బడి ఆట. ఆదివారాలు క్వారీ. సోషల్ క్లాసులో కళ్ళు తెరుచుకునే నిద్రపోయేవాడు. పక్కన కూర్చునేవాణ్ణి కాబట్టి పాఠం అయ్యాక ముఖ్యమైనది నేను చెప్పేవాణ్ణి. వాడు ఒక్కసారి వింటే చాలు, అప్పజెప్పేవాడు. ఏ ఆటకీ ఒక్క నిమిషం ఆలస్యంగా రాగా నేను చూడలేదు.

మా డ్రిల్లు మాస్టారు మల్లికార్జునరావు గారికి ఈ రెండాటలు గిట్టేవి కావు. ఆయన చెడ్డవాడు కాదు. బడికి ఏదో ఒక ఆటలో కప్పు తేవాలని పదేళ్ళుగా తపిస్తున్న మనిషి. సెప్టెంబరులో క్లబ్బు ఆటలో యల్లమంద వేలు బెణికి వారం పాటు బడి ఆటకి పనికిరాకుండా పోయినప్పుడు అందరి ముందూ కేకలేశారు.

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఎంత దూరం పోతావురా? గ్రిగ్ ఆటలు అయ్యేదాకా ఆ క్లబ్బు మాట ఎత్తకు."

యల్లమంద తల వంచుకుని విన్నాడు. "వేలు బాగవుద్ది సార్," అన్నాడు అంతే. మర్నాడు తెల్లారి మళ్ళీ స్టేషను వెనకే ఉన్నాడు, వేలికి గుడ్డ చుట్టుకుని. మక్బూల్ అన్న వాణ్ణి ఆడనివ్వలేదట. అయినా ఆట అయ్యేదాకా బంతులు అందించి వచ్చాడు.

దసరా సెలవులు అయ్యాక అసలు చిక్కు వచ్చిపడింది. బళ్ళ మధ్య జరిగే గ్రిగ్ పోటీలు నవంబరులో నరసరావుపేటలో పెట్టారు. శనివారం రెండు మ్యాచిలు, నెగ్గితే ఆదివారం ఫైనలు. సరిగ్గా ఆ ఆదివారమే గురజాలలో నాలుగు క్లబ్బుల టోర్నమెంటు. చంద్రవంక క్లబ్బు ఆగస్టులోనే పేరు ఇచ్చింది. క్లబ్బులో పెద్ద గోల్‌కీపరు ఆదెయ్య అని లారీ డ్రైవరు. జాకీ జారి అతని మణికట్టు విరిగింది. చెయ్యి పిండికట్టులో ఉంది.

రెండు తేదీలూ ఒకటేనని తెలిసిన సాయంత్రం, ఆటకి ముందే యల్లమంద మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. మేం చుట్టూ ఉన్నాం.

"సార్, నరసరావుపేటలో శనివారం రెండూ ఆడతా. ఆదివారం మాత్రం గురజాల పోవాల. మక్బూలన్నకి ముందే మాటిచ్చా."

మాస్టారి మొహం ఎర్రబడింది. "ఫైనలు వదిలేసి పోతావా? మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"బడికి ఇద్దరం ఉన్నాం సార్. క్లబ్బుకి నేనొక్కణ్ణే."

"ఇద్దరెక్కడున్నార్రా?" అని ఆయన చుట్టూ చూశారు. బిందె పక్కన ఉన్న నా మీద ఆయన చూపు ఆగింది. అందరూ ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వబోయాను.

యల్లమంద నవ్వలేదు. "శెట్టి కూడా గోల్‌కీపరే సార్. ఎప్పుడూ నిలబెట్టలేదు గాని. ఇంకా ఇరవై నాలుగు రోజులుంది. నాకు వదిలెయ్యండి. అప్పటికీ పనికిరాడంటే మీరేం చెప్తే అది చేస్తా."

 "సరే, కానీ," అన్నారు మాస్టారు. ఒప్పుకున్నారనలేను. ఇరవై నాలుగు రోజులు పోయాక ఎలాగూ తన మాటే నెగ్గుతుందనుకుని ఉంటారు. నేనూ అదే అనుకున్నాను. ఇంటికెళ్తూ యల్లమందతో, "నా పరువు తీశావు కదరా," అన్నాను.

"పొద్దున్నే అయిదింటికి స్టేషను కాడికి రా," అన్నాడు వాడు.

ఆ వేళ మా కొట్టు తెరవాలి. మా నాన్న వింటూనే, "బంతి ఎంటబడి పోతే బేరం ఎవడు చూస్తాడ్రా?" అన్నారు. మా అమ్మ మహాలక్ష్మమ్మ మాత్రం, "నెల్లాళ్ళే కదా, నేను తీస్తా పోనీండి," అని కొట్టు తాళాలు తను పుచ్చుకుంది.

మొదటి రోజు మక్బూల్ అన్న కొట్టిన మొదటి బంతికే నేను కళ్ళు మూసుకున్నాను. అది నా చెవి పక్కనుంచి పోయింది. రెండోదానికీ అంతే. క్లబ్బు వాళ్ళు నవ్వుకున్నారు. యల్లమంద వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"దెబ్బ తగులుద్దనా?"

"ఆఁ."

"తగులుద్ది. నాకూ తగులుద్ది. ముందు పడటం నేర్చుకుందాం రా, భయం సగం పోద్ది."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నాల బెల్లులో నన్ను రైసు మిల్లు వెనక్కి తీసుకుపోయేవాడు. అక్కడ వరి ఊక గుట్టలుగా పోసి ఉండేది. ఆ ఊకలో ఎడమ పక్కకి యాభై సార్లు, కుడి పక్కకి యాభై సార్లు పడమనేవాడు. ముందు తను పడి చూపించేవాడు. చొక్కా నిండా ఊకతో క్లాసుకి వస్తే లెక్కల మాస్టారు ఇద్దర్నీ బయట నిలబెట్టేవారు. బయట నిలబడి కూడా, "మోచెయ్యి ముందు ఆనిస్తున్నావు, విరుగుద్ది. భుజం ఆనించు," అని గుసగుసగా చెప్పేవాడు.

వారం తర్వాత ఇంకో పాఠం. "బంతి కొట్టే కాలు చూడబాక. నేల మీద ఆనించిన కాలు చూడు. అది ఎటు తిరిగుంటే బంతి అటు వస్తది. చానామందికి అంతే." నాలుగైదు రోజులు నాకేమీ కనబడలేదు. ఒక పొద్దున మక్బూల్ అన్న ఎడమ పాదం కొంచెం పక్కకి తిరగడం చూసి అటు దూకాను. బంతి వచ్చి నా పొట్టలో పడింది. "షాబాష్ శెట్టీ!" అని ఆయన అరిచాడు. యల్లమంద నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు. వాడికి ఇందులో వచ్చేదేమిటో ఆలోచిస్తే నాకేమీ తోచలేదు.

అన్నిటికంటే కష్టమైంది అరవడం. గోల్‌కీపరు వెనకనుంచి మైదానం అంతా చూస్తాడు కాబట్టి ఎవరెటు పోవాలో వాడే చెప్పాలి. కొట్లో వచ్చినవాళ్ళతో మెత్తగా మాట్లాడి అలవాటైన నోరు నాది. మొదటిసారి గోల్‌లోంచి పెద్దవాళ్ళయిన క్లబ్బు ఆటగాళ్ళని, "కోటేశ్వర్లు గారూ, కొంచెం ఎడమ పక్కకి రండి," అన్నాను. కోటేశ్వర్లు క్వారీలో రాళ్ళు కొట్టే మనిషి. ఆడటం మానేసి నడుం పట్టుకుని నవ్వాడు. "బెల్లం కావాలా, చింతపండు కావాలా అని కూడా అడుగబ్బాయా!" అన్నాడు. యల్లమంద నన్ను చంద్రవంక వాగు దగ్గరికి తీసుకెళ్ళి, తను అవతలి ఒడ్డుకి పోయి, "నాకు వినబడేదాకా అరువు," అన్నాడు. మూడు రోజులు గొంతు బొంగురుపోయింది. నాలుగో రోజు వాడు అవతలి నుంచి చెయ్యి ఊపాడు.

ఇవన్నీ నాకు నేర్పుతూనే వాడు తన రెండాటలూ మానలేదు. ఒళ్ళు అలిసిపోయి ఒకనాడు మిల్లు దగ్గర ఊక మీదే నిద్రపోయాడు. లేపబుద్ధి కాక నేను పక్కన కూర్చున్నాను. లేచాక బెల్లు కొట్టేశారని నన్ను తిట్టాడు.

ఇరవయ్యో రోజున మాస్టారు నన్ను గోల్‌లో నిలబెట్టి తనే పది బంతులు కొట్టారు. ఆరు ఆపాను. ఆయన ఈల మెడలో వేసుకుని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నుంచి బిందె మోసే పని ఇంకొకడికి ఇచ్చారు.

శుక్రవారం నరసరావుపేట చేరి ఒక బడి గదుల్లో దిగాం. శనివారం యల్లమంద ఆడిన ఆట చూసినవాళ్ళు ఇప్పటికీ ఉండే ఉంటారు. పొద్దుటి మ్యాచిలో ఒక్క గోలూ పడనివ్వలేదు. మధ్యాహ్నం మ్యాచిలో మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతున్నా చివరి నిమిషంలో బంతిని వేళ్ళ కొసలతో గోల్ పైకొయ్య మీదుగా అవతలికి నెట్టాడు. మా బడి మొట్టమొదటిసారి ఫైనలుకి వచ్చింది.

సాయంత్రం మాస్టారు వాణ్ణి పక్కకి పిలిచారు. నేను బావి దగ్గర బట్టలు ఉతుకుతూ విన్నాను. ఆయన గొంతులో కోపం లేదు.

"ఒరేయ్, రేపు ఫైనలుకి గుంటూరు నుంచి సెలెక్టర్లు వస్తున్నారు. జిల్లా జట్టుకి రేపు ఆడినవాళ్ళలోంచే తీస్తారు. జిల్లాకి ఆడిన సర్టిఫికెట్టు ఉంటే కాలేజీలో సీటుకి పనికొస్తది, రేపు ఉద్యోగానికి పనికొస్తది. నీకంటే అది కావాల్సినవాడు ఈ జట్టులో లేడు. బడి కోసం కాదు, నీ కోసం చెప్తున్నా."

  యల్లమంద ఒప్పుకోవాలనే నేను కోరుకున్నాను.

"తెలుసు సార్. జహంగీర్ పొద్దున్నే చెప్పాడు," అన్నాడు. "కాని క్లబ్బోళ్ళు పదిమందీ ఈపాటికి గురజాల పోవడానికి మూట కట్టుకుని ఉంటారు. ఒకరోజు కూలి పోగొట్టుకుని వస్తన్నారు. నేను పోకపోతే వాళ్ళు గోల్‌లో ఎవుర్ని పెట్టుకోవాల సార్?"

మాస్టారు వాడి భుజం మీద చెయ్యి వేసి, తీసేసి, లోపలికి వెళ్ళిపోయారు.

తెల్లవారి ఆరు గంటల బస్సుకి వాణ్ణి ఎక్కించడానికి బస్టాండుకి నేనే వెళ్ళాను. కుంటుతున్నాడు. "మాస్టారు చెప్పింది నిజంరా, ఉండిపో. నేను మళ్ళీ బయట కూర్చుంటా, నాకేం బాధ లేదు," అన్నాను.

వాడు చిరాకుపడ్డాడు. "మరి ఇరవై నాలుగు రోజులు ఊకలో పడింది ఎందుకురా?" బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి, "అరువు! మెత్తగా మాట్లాడబాక!" అని కేకేశాడు. బస్టాండులో జనం నా వైపు చూశారు.

ఫైనలు నరసరావుపేట వాళ్ళతోనే. చుట్టూ వాళ్ళ ఊరి జనం. అయిదో నిమిషంలోనే గోలు పడింది. నేను కళ్ళు మూసుకున్నాను, అందుకే పడింది. బంతి తీసి ఇచ్చాను. జహంగీర్ వచ్చి, "నువ్వు అరవకపోతే మాకేం తెలుస్తదిరా?" అన్నాడు. తిట్టలేదు. నన్ను మొదటిసారి గోల్‌కీపరుగా లెక్కగట్టి అడిగాడు.

ఆ తర్వాత నేను అరిచాను. "జహంగీరూ, ఎడమ! వెనక మనిషి!" అని అరుస్తుంటే ఆ గొంతు నాదేనా అనిపించింది. భయం పోలేదు గాని కళ్ళు మాత్రం మళ్ళీ మూయలేదు. రెండో సగంలో మావాళ్ళు ఒక గోలు కొట్టి సమం చేశారు. ఆట అలాగే ముగిసింది. చెరి అయిదు పెనాల్టీలు అన్నారు. నేను వాళ్ళ ఆనించిన కాళ్ళు చూస్తూ నిలబడ్డాను. మూడు గోల్‌లో పడ్డాయి. రెండు ఆపాను. మావాళ్ళు నాలుగు కొట్టారు.

మాస్టారు పరుగెత్తుకొచ్చి నన్ను ఎత్తుకున్నారు. ఆయన చెంపలు తడిగా ఉన్నాయి. కాసేపటికి సెలెక్టర్లు పేర్లు చదివారు. జిల్లా జట్టుకి గోల్‌కీపరుగా పిచ్చేశ్వరరావు అన్నారు. జట్టులో సగం మంది ఆ పేరు గలవాడు ఎవడా అని వెతికారు.

నేను ఆ సెలెక్టరు దగ్గరికి వెళ్ళాను. "సార్, మా మొదటి గోల్‌కీపరు ఇవాళ లేడండి. నాకు నేర్పింది వాడే. వాణ్ణి ఒక్కసారి చూడండి," అన్నాను.

"ఎక్కడున్నాడు?"

"గురజాలలో ఆడుతున్నాడండి."

"చూడనివాణ్ణి ఎట్లా రాసుకోనయ్యా?" అని ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన్నీ తప్పుపట్టడానికి లేదు.

సోమవారం బడి దగ్గర యల్లమంద గేటులోనే ఎదురయ్యాడు. "రెండు పెనాల్టీలు ఆపినావంట గదరా!" అని నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. నేను గురజాల సంగతి అడిగాను.

"పొద్దుటిది గెలిచాం. ఫైనలు పోయింది. ఒక్క గోలు. నా చేతుల్లోంచే జారింది," అన్నాడు. ఎండ కళ్ళలో పడిందనలేదు, మోకాలు నొప్పనలేదు, శనివారం రెండు మ్యాచిలు ఆడి వెళ్ళాననలేదు. "తేలిక బంతిరా. నువ్వైతే పట్టేవాడివి."

జిల్లా జట్టు సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాడికి అప్పటికే తెలుసు. "గుంటూరులో పది రోజులు క్యాంపంట గదా. బూట్లు ఉన్నయ్యా నీకు?" అన్నాడు. లేవంటే తనవి ఇస్తానన్నాడు. పాదాలు సరిపోలేదు గాని కాసేపు ఇద్దరం ప్రయత్నించాం.

మంగళవారం తెల్లవారి నేను స్టేషను వెనక్కి వెళ్ళేసరికి మాస్టారు అక్కడున్నారు. ఆయన ఆ జాగాకి రావడం అదే మొదటిసారి. చేతిలో బడి క్యాలెండరు ఉంది. మక్బూల్ అన్న ఆయనకి కూర్చోడానికి తన సైకిలు పక్కన తువ్వాలు పరిచాడు.

"శనివారం రెండు మ్యాచిలు ఆడి వచ్చానని వాడు నాకు చెప్పలేదు సార్," అన్నాడు మక్బూల్ అన్న. "మోకాలు చూసి అడిగితే బస్సులో తగిలిందన్నాడు. తెలిస్తే పొద్దుటి మ్యాచికి నేనే గోల్‌లో నిలబడేవాణ్ణి."

"మీకు తెలియదు. నాకు తెలుసు కదా," అన్నారు మాస్టారు. "ఆ మోకాలితో పోతుంటే చూస్తూ ఊరుకున్నా. మీ క్లబ్బు ఆటలెప్పుడో ఏడాది పొడుగునా నేను ఒక్కసారి అడగలేదు. మీరూ నన్నడగలేదు. మనిద్దరి మధ్యా వాడే తిరిగాడు."

ఇద్దరూ క్యాలెండరు నేల మీద పరుచుకుని పెన్సిలుతో గీతలు గీశారు. ఎవరికి మ్యాచి ఉన్న వారం వాళ్ళకే, రెండోవాళ్ళు పిలవకూడదు. మంగళ, గురువారాల్లో పొద్దున ఆట లేదు. సంక్రాంతి నుంచి పరీక్షలు అయ్యేదాకా రెండాటలూ బందు. యల్లమంద పక్కనే నిలబడి, "మంగళవారం పొద్దున్నే నేనేం జెయ్యాల సార్?" అన్నాడు.

"నిద్రపో," అన్నారు ఇద్దరూ.

ఆ గురువారం అలవాటు కొద్దీ అయిదింటికే వచ్చేశాడు. మక్బూల్ అన్న బంతి ఇవ్వకుండా ఇంటికి తరిమాడు.

పదో తరగతి ఇద్దరం పాసయ్యాం. మరుసటి ఏడు ఇంటర్‌లో యల్లమందని జిల్లా జట్టుకి తీసుకున్నారు. నన్ను తీసుకోలేదు. గుంటూరులో వాడి మొదటి మ్యాచి చూడ్డానికి నేను, మక్బూల్ అన్న, మాస్టారు ప్యాసింజరు బండిలో వెళ్ళాం. అంజమ్మత్త కూడా మాతో వచ్చింది. కొడుకు ఆడటం ఆమె అప్పటిదాకా చూడలేదట. క్వారీకి సెలవు పెట్టి, ఉతికిన చీర కట్టుకుని మాస్టారి పక్కన సర్దుకుని కూర్చుంది. ఆట మొదలైన కాసేపటికి ఒకడు బంతిని బలంగా గోల్ మీదికి కొట్టాడు. ఆమె లేచి నిలబడి, "అదేందయ్యా, మావోణ్ణి అట్టా కొడతన్నాడు! ఎవురూ అడగరేంది?" అంది.

యల్లమంద మోచేతులు వంచి బంతిని గుండెల్లోకి తీసుకున్నాడు. తర్వాత గొంతెత్తి, ఎవరెటు పోవాలో వెనకనుంచి చెప్పడం మొదలుపెట్టాడు.